కాలి బైపాస్ మళ్లీ మూసుకుపోతే: కోతా, మందా, క్యాథెటరా?

"కోత లేకుండా పైపుతోనే రక్తపు గడ్డ లాగేస్తారటగా, మా మామయ్యకి అదే చేయించమంటావా?"

గత రెండేళ్లలో ఈ ప్రశ్న నన్ను పది మందైనా అడిగి ఉంటారు. గాజువాక నుంచి, అనకాపల్లి నుంచి, ఒకసారి నర్సీపట్నం నుంచి అర్ధరాత్రి ఫోన్. నేను డాక్టర్ని కాదు. మా నాన్నకి కాలి బైపాస్ మూసుకుపోయినప్పుడు మూడు రోజులు ఐసీయూ బయట కుర్చీలో కూర్చున్నవాణ్ని. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే మా బాబాయికి అదే కష్టం వచ్చింది. నాన్నకి కోత లేకుండా చేశారు, బాబాయికి కాలు కోసి చేశారు. ఇద్దరికీ చేసింది సరైనదే. అదెలా అన్నది అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. అప్పట్లో ఎవరైనా ఇలా కూర్చోబెట్టి చెప్పి ఉంటే బాగుండేదనిపించి రాస్తున్నాను.

బైపాస్ అంటే మనవాళ్లు గుండెకే అనుకుంటారు. కాలికీ ఉంది. తొడలోని పెద్ద రక్తనాళం కొవ్వు, సున్నం పేరుకుని పూడిపోతే, గజ్జ దగ్గర మొదలుపెట్టి మోకాలి పైకో, కిందకో, ఒక్కోసారి చీలమండ దాకానో రక్తానికి కొత్త దారి వేస్తారు. మా విశాఖ ఎన్‌ఏడీ జంక్షన్‌లో బళ్లు కదలకపోతే ఫ్లైఓవర్ కట్టినట్టు. ఆ దారికి వాడేది రెండు రకాలు. ఒకటి మనిషి కాల్లోంచే తీసిన సిర. రెండోది పీటీఎఫ్‌ఈ అనే తెల్లటి ప్లాస్టిక్ గొట్టం. రెండింటినీ గ్రాఫ్ట్ అనే అంటారు. మీ ఇంట్లో బైపాస్ అయినవాళ్లుంటే వాళ్లకి వేసింది సిరా, గొట్టమా అన్నది ఈ రోజే డిశ్చార్జి కాగితంలో చూసి పెట్టుకోండి. గ్రాఫ్ట్ మూసుకుపోయిన రాత్రి డాక్టరు అడిగే మొదటి నాలుగు ప్రశ్నల్లో అదొకటి. మేం చెప్పలేకపోయాం.

ఆ రాత్రి

నాన్న షిప్‌యార్డులో వెల్డర్‌గా చేసి రిటైరయ్యారు. ఎడమ కాలికి బైపాస్ అయి అప్పటికి పద్నాలుగు నెలలు. శనివారం రాత్రి అన్నం తిని లేచాక పిక్క పట్టేసిందన్నారు. అమ్మ బామ్ రాసింది. గంట పోయాక, "ఏటోరా, కాలు సల్లగైపోనాది" అన్నారు. పట్టుకుని చూశాను. మోకాలు వెచ్చగానే ఉంది. అక్కడికి నాలుగు వేళ్ల కిందనుంచి కాలు కుండలో నీళ్లంత చల్లగా తగిలింది. రెండు పాదాలూ ట్యూబ్‌లైటు కింద పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి ఎప్పటి రంగులోనే ఉంది, రెండోది కొవ్వొత్తి రంగుకి తిరిగింది. బొటనవేలిని గట్టిగా నొక్కి వదిలితే కుడికాలికి వెంటనే ఎర్రదనం తిరిగొచ్చింది. ఎడమకాలికి ఐదారు సెకన్లు పట్టింది.

దగ్గర్లోని ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. నడుములో నరం నొక్కుకుపోయిందని నొప్పి ఇంజెక్షన్ ఇచ్చి ఇంటికి పంపించేశారు. బైపాస్ అయిన సంగతి చెప్పాం కూడా. పాదం మీద నాడి ఎవరూ పట్టి చూడలేదు. ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గింది, అందరం పడుకున్నాం. ఐదు గంటలు అలా పోయాయి. ఆ ఐదు గంటల మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. నొప్పి తగ్గడానికీ కాలు బాగుపడటానికీ సంబంధం లేదని, మొద్దుబారుతున్న కాలికి కూడా నొప్పి తగ్గుతుందని తర్వాత తెలిసింది. రక్తం అందని కండరం నాలుగు నుంచి ఆరు గంటల్లో కోలుకోలేని విధంగా దెబ్బతినడం మొదలవుతుందని పుస్తకాలన్నీ చెబుతాయి. చిన్న చిన్న పక్కదారుల నుంచి కొంత రక్తం అందితే ఎక్కువసేపు నిలబడుతుంది. నాన్న అదృష్టం, ఆయనకి ఆ పక్కదారులు ఉన్నాయి.

ముందు పాదం చూడాలి, తర్వాత పరికరం

ఏ పద్ధతి అన్నది తేల్చేది మన ఇష్టం కాదు, కోత అంటే మనకున్న భయం అంతకన్నా కాదు. తేల్చేది పాదం. డాక్టర్లు దీన్ని రూథర్‌ఫర్డ్ అనే పద్ధతిలో మెట్లుగా విడగొడతారు. మనం ఇంట్లోనే సగం పసిగట్టవచ్చు.

కాలు చల్లబడింది, నొప్పి ఉంది, కానీ స్పర్శ అంతా తెలుస్తోంది, వేళ్లు బాగా ఆడుతున్నాయి. ఇది మొదటి మెట్టు. ఆలోచించుకోవడానికి, స్కాన్ తీయించడానికి కొన్ని గంటల వ్యవధి ఉంటుంది. రెండో మెట్టుకి రెండు భాగాలు. వేళ్ల చివర కొంచెం తిమ్మిరి, కదలిక మాత్రం మామూలుగానే ఉంటే రెండు ఏ. తిమ్మిరి వేళ్లు దాటి పాదం మీదకి ఎక్కి, బొటనవేలు పైకి లేపమంటే సరిగ్గా లేవకపోతే రెండు బీ. ఈ రెంటి మధ్య గీత చాలా సన్నం, కానీ వైద్యం మొత్తం అక్కడే మలుపు తిరుగుతుంది. రెండు ఏ అయితే మందుతో మెల్లగా కరిగించే టైమ్ ఉంది. రెండు బీ అయితే లేదు, వెంటనే రక్తం పారాలి. మూడో మెట్టులో కాలికి స్పర్శ పూర్తిగా పోయి, కర్రలా బిగుసుకుని, రక్తం పారే శబ్దం వినిపించే డాప్లర్ పరికరం పెట్టినా ఏ నాళంలోనూ శబ్దం రాదు. ఆ స్థితిలో గడ్డ తీసి రక్తం వదిలితే చచ్చిన కండరంలోని పొటాషియం, ఇతర విషాలు ఒక్కసారిగా ఒంట్లోకి వచ్చి గుండె, కిడ్నీలు దెబ్బతింటాయి. అందుకే అప్పుడు కాలు తీసెయ్యడమే ప్రాణం కాపాడుతుందని డాక్టర్లు చెబుతారు. వినడానికి ఎంత కష్టమైనా ఆ మాట చెప్పే డాక్టర్ని శత్రువులా చూడకండి.

మమ్మల్ని తెల్లవారుజామున చూసిన వాస్క్యులర్ సర్జన్, అంటే రక్తనాళాల ఆపరేషన్లు చేసే డాక్టరు, వచ్చీ రాగానే స్కాన్ అడగలేదు. దూది పోచ తీసుకుని నాన్న వేళ్ల మీద రాస్తూ, "తెలుస్తోందా పెద్దాయనా? ఇక్కడ? ఇక్కడ?" అంటూ మడమ దాకా వచ్చారు. తర్వాత బొటనవేలు పైకెత్తమన్నారు. ఎత్తారు. ఆయన ఊపిరి వదలడం నాకు వినిపించింది. "రెండు ఏ. టైముంది" అన్నారు.

మందుతో కరిగించడం

నాన్నకి చేసింది ఇదే. కుడి గజ్జలో సూదితో చిన్న రంధ్రం చేసి, క్యాథెటర్ అనే సన్నటి గొట్టాన్ని పొట్ట కింద నాళాలు రెండుగా చీలే చోట మలుపు తిప్పి, ఎడమ కాల్లోని గ్రాఫ్ట్ దాకా పంపిస్తారు. గొట్టం పొడవునా చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. దాన్ని గడ్డ మధ్యలో ఉంచి ఆల్టెప్లేస్ లాంటి మందుని గంటకి అర మిల్లీగ్రాము, ఒక మిల్లీగ్రాము చొప్పున, చుక్క చుక్కగా ఎక్కిస్తారు. పన్నెండు గంటలు, ఇరవై నాలుగు గంటలు, ఎక్కువలో ఎక్కువ నలభై ఎనిమిది గంటలు పడుతుంది. పెద్ద నాళాల్లో గడ్డే కాదు, యంత్రం చేరలేని పాదంలోని సన్నటి నాళాల్లో గడ్డని కూడా ఇది కరిగిస్తుంది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం అదే.

దీనికి వెల కూడా ఉంది. గడ్డని కరిగించే మందుకి మంచి గడ్డ, చెడ్డ గడ్డ అన్న తేడా తెలియదు. 1998లో వచ్చిన టోపాస్ అనే పెద్ద అధ్యయనం మొత్తం 544 మందిలో, గడ్డ కరిగించే యూరోకైనేస్ మందునీ ఆపరేషన్‌నీ పోల్చింది. కాలు నిలవడంలో, మనిషి బతకడంలో రెండూ దాదాపు సమానంగా వచ్చాయి. పెద్ద రక్తస్రావం మాత్రం మందు తీసుకున్నవాళ్లలో 12.5 శాతం మందికి, ఆపరేషన్ అయినవాళ్లలో 5.5 శాతం మందికి జరిగింది. మందు వాడినవాళ్లలో 1.6 శాతం మందికి మెదడులో రక్తస్రావమైంది. నూటికి ఒకరిద్దరే కదా అనిపించవచ్చు. ఆ ఒకరు మన ఇంటి మనిషైతే ఎలా ఉంటుందో ఊహించుకుని సంతకం పెట్టాలి. నేను ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాను.

అందుకే ఈ మధ్య పక్షవాతం వచ్చినవాళ్లకి, మూడు నెలల్లోపు మెదడు ఆపరేషన్ లేదా తలకి పెద్ద దెబ్బ తగిలినవాళ్లకి, కడుపులో పుండు నుంచి ఈ మధ్యే రక్తం పోయినవాళ్లకి ఈ మందు సాధారణంగా ఇవ్వరు. కొత్తగా పెద్ద ఆపరేషన్ అయినవాళ్లకి కూడా అంతే. ఇవన్నీ మనం దాచకుండా చెప్పాలి. "చెబితే వైద్యం చేయరేమో" అని మావాళ్లలో ఒకాయన పాత పక్షవాతం సంగతి దాచబోయారు. వేరే కాగితంలో బయటపడింది కాబట్టి బతికారు.

ఆ ఇరవై గంటలూ నాన్న వెల్లకిలా, కాలు వంచకుండా పడుకునే ఉన్నారు. నర్సమ్మ గంటగంటకీ వచ్చి గజ్జలో వాపు చూసేది, పాదం మీద చిన్న డాప్లర్ పెట్టేది. నాడి శబ్దం మొదట ఎక్కడ దొరికిందో అక్కడ నీలం బాల్‌పెన్‌తో ఇంటూ గుర్తు పెట్టింది. మధ్యాహ్నం మూడింటప్పుడు ఆ గుర్తు మీద సన్నగా, ఈదురు గాలిలా "హుష్, హుష్" అని వినిపించింది. నాన్న తల పక్కకి తిప్పి, "అదేనా?" అన్నారు. కొత్తగా తలనొప్పి వచ్చినా, మాట తడబడినా, నల్లటి విరేచనమైనా వెంటనే చెప్పమని ఆమె మాకు ముందే చెప్పింది. ఐసీయూలో బెడ్డు ఉందా, రాత్రంతా చూసే మనుషులున్నారా అని అడగకుండా ఈ వైద్యానికి ఒప్పుకోకూడదు.

యంత్రంతో లాగడం, నలిపి తీయడం

జనం "పైపుతో లాగేస్తారు" అనేది దీన్నే. ఇందులోనే మూడు నాలుగు రకాలున్నాయి. ఒకటి పెనుంబ్రా ఇండిగో లాంటిది. దీనికి వాక్యూమ్ పంపు ఉంటుంది, గడ్డని పీల్చుకుంటుంది. రెండోది రోటారెక్స్. లోపల మరలాంటిది నిమిషానికి వేల సార్లు తిరుగుతూ గడ్డని ముక్కలు చేసి, వెనక్కి లాగి బయటి సంచిలో పోస్తుంది. మూడోది యాంజియోజెట్. సన్నటి ఉప్పునీటి ధారలు అతి వేగంగా కొట్టి గడ్డని విరగ్గొట్టి పీలుస్తుంది.

వీటి బలం వేగం. గంటా రెండు గంటల్లో, తెర మీద నాళాలు చూస్తూ క్యాథెటర్ పనులు చేసే క్యాథ్ ల్యాబ్‌లోనే పని అయిపోవచ్చు. గడ్డ కరిగించే మందు పడనివాళ్లకి ఇది వరం. రెండు బీ మెట్టులో ఉండి, ఒళ్లు పెద్ద ఆపరేషన్ తట్టుకోలేని ముసలివాళ్లకి కూడా అనుభవం ఉన్నవాళ్లు దీన్ని ఎంచుకుంటారు. రెండు మూడు వారాల పాత గడ్డ మీద మందు సరిగ్గా పనిచేయదు. తిరిగే రకం అలాంటి ముదిరిన గడ్డని కూడా కొంతవరకు తీస్తుంది.

బలహీనతలు కూడా ఉన్నాయి. గడ్డ ముక్కలు జారి కింది సన్నటి నాళాల్లో ఇరుక్కోవచ్చు. పైన దారి తెరుచుకుంది, పాదం నల్లబడింది అన్న పరిస్థితి అలా వస్తుంది. తిరిగే రకాన్ని చీలమండ దగ్గరి సన్నటి నాళాల్లోకి పంపరు. పీల్చే రకంలో గడ్డతో పాటు మంచి రక్తం కూడా పోతుంది. యాంజియోజెట్ నీటిధార ఎర్ర రక్తకణాలని పగలగొడుతుంది. ఆ తర్వాత మూత్రం కోలా రంగులో రావచ్చు, కిడ్నీకి భారం పడవచ్చు. మన ఊళ్లో కాలి రక్తనాళాల జబ్బున్నవాళ్లలో ఎక్కువమందికి షుగర్ ఉంటుంది, చాలామందికి కిడ్నీ కూడా అంతంతమాత్రమే. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత ఉందో చెప్పి, "ఈ యంత్రం మావాళ్లకి ఫరవాలేదా?" అని అడిగి తీరాలి. రక్తనాళాల బొమ్మ తీసే యాంజియోగ్రామ్‌లో వాడే డై కూడా కిడ్నీ మీదే పడుతుంది.

చాలాసార్లు రెండూ కలిపే చేస్తారు. యంత్రంతో పెద్ద గడ్డ తీసేసి, మిగిలిన దానికి కొద్ది గంటలు మందు ఎక్కిస్తారు. మందు తక్కువ పడుతుంది, టైమ్ కూడా తగ్గుతుంది. నాన్నని చేర్చిన రాత్రి ఆ ఆసుపత్రిలో ఈ పరికరం ఏదీ లేదు. వేరే చోటికి మార్చాలా అని నేను హడావిడి పడ్డాను. ఆ సర్జన్ నన్ను పక్కకి పిలిచి, "మార్చడానికి రెండు గంటలు పోతాయి. ఇప్పుడు పెట్టే గొట్టం అప్పుడు పెట్టే యంత్రం కన్నా మంచిది" అన్నారు. ఆ మాట విన్నందుకు నాకెప్పుడూ విచారం కలగలేదు.

కోసి తీయడం

1963లో అమెరికా సర్జన్ థామస్ ఫోగార్టీ ప్రపంచానికి చూపించిన బెలూన్ క్యాథెటర్ ఈనాటికీ ప్రతి ఆపరేషన్ థియేటర్‌లో ఉంది. గజ్జ దగ్గరో మోకాలి దగ్గరో కోసి, గ్రాఫ్ట్ తెరిచి, చివర బుడగ ఉన్న సన్నటి గొట్టాన్ని గడ్డ దాటేవరకు తోస్తారు. బుడగ ఊది వెనక్కి లాగితే గడ్డ మొత్తం వానపాములా బయటికి వస్తుంది. పాతదే, కానీ ఖర్చు తక్కువ, వేగం ఎక్కువ. గజ్జ దగ్గర మాత్రమే కోత అయితే ఒక్కోసారి ఆ చోటుకే మత్తిచ్చి కూడా చేస్తారు. కాబట్టి "కోత" అనగానే గుండె జారిపోనక్కర్లేదు.

బాబాయి కథ ఇక్కడిదే. ఆయనకి కాల్లోని సిరతోనే బైపాస్ చేసి పన్నెండు రోజులైంది. కుట్లు కూడా తీయలేదు. కాలు చల్లబడిందని పిన్ని ఫోన్ చేసింది. నాన్న అనుభవంతో నేను, "మందు ఎక్కించమని అడుగు పిన్నీ, కోయనివ్వకు" అన్నాను. తప్పు చెప్పాను. పన్నెండు రోజుల కుట్టు మీద గడ్డ కరిగించే మందు ఇస్తే ఆ కుట్టు దగ్గరే రక్తం కారుతుంది. పైగా మొదటి నెలలోపు గ్రాఫ్ట్ మూసుకుపోయిందంటే సాధారణంగా లోపం ఆపరేషన్‌లోనే ఎక్కడో ఉంటుంది. కుట్టు బిగుసుకోవడం, గ్రాఫ్ట్ మెలిక పడటం, కింద రక్తం పారే దారి చాలకపోవడం. అది కోసి చూస్తేనే దొరుకుతుంది. బాబాయికి మోకాలి పక్కన సిర మెలిక తిరిగి ఉంది. గడ్డ తీసి, మెలిక సరిచేసి, మళ్లీ కుట్టారు. కోత వద్దని నా మాట పట్టుకుని పిన్ని మొండికేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి. ఫోన్లో సలహా చెప్పడం ఆ రోజు నుంచి తగ్గించాను. ఇప్పుడు ఎవరడిగినా ముందు నేనే ప్రశ్నలు అడుగుతున్నాను.

గడ్డ ఏ దారిన తీసినా ఒక ప్రమాదం ఉమ్మడిగా ఉంది. చాలాసేపు రక్తం లేని పిక్కలోకి ఒక్కసారి రక్తం రాగానే కండరం లోపల ఉబ్బి, తనని తానే నొక్కేసుకుంటుంది. పిక్క బండలా గట్టిపడి, భరించలేని నొప్పి వస్తే డాక్టర్లు పొడవుగా కోసి ఒత్తిడి తగ్గిస్తారు. చూడటానికి భయంగా ఉంటుంది, కానీ కాలు నిలిచేది దానివల్లే. కోత లేని వైద్యం అని చెప్పి ఇప్పుడు కోశారేంటని గొడవ పెట్టుకున్న కుటుంబాన్ని ఐసీయూ బయట చూశాను. వాళ్లకి ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

గడ్డ తీయడం సగం పనే

గ్రాఫ్ట్ ఊరికే మూసుకుపోదు. నెల నుంచి రెండేళ్ల లోపు అయితే ఎక్కువగా కుట్టు వేసిన చోట లోపలి పొర మందంగా పెరిగి సన్నబడుతుంది. రెండేళ్లు దాటాక అయితే పాత జబ్బే పైనో కిందో కొత్త చోట ముదురుతుంది. గడ్డ కేవలం ఫలితం. కాలువలో చెత్త తీసి, చెత్త అడ్డుపడిన రాయిని అక్కడే వదిలేస్తే ఏమవుతుంది?

నాన్నకి మరునాడు యాంజియోగ్రామ్‌లో గ్రాఫ్ట్ శుభ్రంగా కనిపించింది. కింది కుట్టు దగ్గర మాత్రం దారి దారంలా సన్నబడి ఉంది. మందు ఎక్కించిన దారి లోంచే బెలూన్ పంపి వెడల్పు చేశారు. మందుతో కరిగించడంలోనూ, యంత్రంతో తీయడంలోనూ ఉన్న పెద్ద లాభం ఇదే. అసలు లోపం తెర మీద కనిపిస్తుంది, ఆ దారినే బాగుచేయవచ్చు. గుడ్డిగా బెలూన్‌తో గడ్డ లాగి కుట్టేసే రోజులు పోయాయి. కోసి తీసినా ఆపరేషన్ బల్ల మీదే యాంజియోగ్రామ్ తీస్తారా అని అడగండి. ఇది నా గట్టి అభిప్రాయం: "గడ్డ ఎలా తీస్తారు" అన్న ప్రశ్న కన్నా "గడ్డ తీశాక కారణం ఎలా వెతుకుతారు" అన్న ప్రశ్న విలువైంది.

సిరకీ గొట్టానికీ ఇక్కడ తేడా ఉంది. సిర ప్రాణమున్న కణజాలం. గడ్డ కట్టి ఎక్కువ రోజులు ఉంటే దాని లోపలి పొర పాడైపోతుంది, తెరిచినా మళ్లీ మూసుకునే అవకాశం ఎక్కువ. అందుకే సిర గ్రాఫ్ట్‌కి తొందర మరీ ఎక్కువ. ప్లాస్టిక్ గొట్టానికి ఆ బాధ లేదు, కానీ మొదటి నుంచీ అది గడ్డ కట్టే గుణం ఉన్నదే. 1994లో వచ్చిన స్టైల్ అధ్యయనం ఇంకో గీత గీసింది. కాలికి కష్టం మొదలై పద్నాలుగు రోజులు దాటకపోతే మందు వైపు మొగ్గు, దాటితే ఆపరేషన్ వైపు మొగ్గు. ఈ పద్నాలుగు రోజుల లెక్క ఇప్పటికీ డాక్టర్ల నోట వినిపిస్తుంది. కాబట్టి "ఎప్పటి నుంచి?" అని అడిగితే, "ఈమధ్యే అండీ" అనకండి. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏం చేస్తుండగా అని చెప్పండి.

రెండుసార్లు మూడుసార్లు మూసుకుపోయిన గ్రాఫ్ట్‌ని మళ్లీ తెరవడం కన్నా కొత్త బైపాస్ మంచిదని చెప్పే సందర్భాలు కూడా ఉన్నాయి. మంచి సిర మిగిలి ఉండి, మనిషి ఆపరేషన్‌కి తట్టుకోగలిగితే ఆ మాట వినండి. కాలు వెచ్చగా ఉండి, పుండు లేకుండా, నడిస్తేనే నొప్పి వచ్చే స్థాయిలో ఉంటే ఏమీ చేయకుండా మందులతో నెట్టుకురావడం కూడా ఒక దారే.

మన ఊరి లెక్క

పాడేరు, అరకు వైపు నుంచి వచ్చేవాళ్లకి ఘాట్ రోడ్డులోనే గంటలు కరిగిపోతాయి. రెండు బీ అనిపిస్తే దారిలో చిన్న ఆసుపత్రుల్లో ఆగి ఆగి రావొద్దు. 108కి ఫోన్ చేసి, "బైపాస్ అయిన కాలికి రక్తం ఆగిపోయింది" అని అదే మాటల్లో చెప్పండి. దారిలో దగ్గరి ఆసుపత్రిలో డాక్టరు సరేనంటే హెపారిన్ ఒక మోతాదు వేయించుకుని బయల్దేరడం మంచిది, గడ్డ ఇంకా పెరగకుండా ఆపుతుంది. కాలికి వేడి కాపడం పెట్టొద్దు, స్పర్శ లేని చర్మం కాలిపోతుంది. కాలు దిండు మీద ఎత్తి పెట్టొద్దు, ఉన్న కాస్త రక్తం కూడా అందదు.

విశాఖలో ప్రభుత్వం వైపు మహారాణిపేటలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది, 1923 నుంచి ఉత్తరాంధ్ర మొత్తానికి అదే పెద్ద దిక్కు. హనుమంతవాక దగ్గర విమ్స్ ఉంది. ఆరిలోవ హెల్త్ సిటీ వైపు ప్రైవేటువి వరసగా ఉన్నాయి. బయల్దేరేటప్పుడే ఒకరు బండిలో, ఒకరు ఫోన్లో ఉండండి. ఫోన్లో అడగాల్సినవి ఇవి: ఈ రాత్రికి వాస్క్యులర్ సర్జన్ వస్తారా? క్యాథ్ ల్యాబ్ తెరిచి ఉందా? గడ్డ పీల్చే పరికరం ఉందా? అవసరమైతే కోసి చేసే ఏర్పాటు అదే భవనంలో ఉందా? నాలుగోది చాలామంది మరిచిపోతారు. క్యాథెటర్‌తో మొదలుపెట్టి కుదరకపోతే అరగంటలో కోతకి మారగలగాలి. రెండూ చేసే చోటే మీకు నిజమైన ఎంపిక దొరుకుతుంది. ఒకటే చేసే చోట వాళ్ల దగ్గర ఉన్నదే మీకు సరిపోయేదిగా కనిపిస్తుంది.

ఖర్చు సంగతి. ఎన్టీఆర్ వైద్య సేవ, మనవాళ్లు ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే పిలిచేది, కార్డుంటే ఆసుపత్రిలోని ఆ కౌంటర్‌లో మొదటే అడగండి. గడ్డ తీసే క్యాథెటర్లు ఒక్కసారి వాడి పారేసేవి, వాటి ధర బిల్లులో విడిగా వస్తుంది. అది పథకంలోకి వస్తుందా రాదా అని కాగితం మీద రాయించుకోండి. స్టీల్‌ప్లాంటు, పోర్టు, రైల్వే ఉద్యోగులు తమ ఆసుపత్రి నుంచి రిఫరల్ లెటర్ తెచ్చుకోవడంలో టైమ్ పోగొట్టుకోకుండా, ఒకరు లెటర్ పనిలో ఉంటే మరొకరు మనిషిని చేర్చాలి.

ఇంటికొచ్చాక

గ్రాఫ్ట్ తెరుచుకున్నాక మొదటి ఏడాదే గండం. ఆస్పిరిన్‌తో పాటు, రక్తం గడ్డ కట్టకుండా ఆపే రివరాక్సబాన్ 2.5 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు వాడితే కాలికి హఠాత్తుగా రక్తం ఆగిపోయే ప్రమాదం తగ్గుతుందని 2020లో వచ్చిన వాయేజర్ పీఏడీ అధ్యయనం చూపించింది. రక్తస్రావం కొంచెం పెరుగుతుంది కూడా, కాబట్టి అది ఎవరికి ఇవ్వాలో డాక్టరే చెప్పాలి. ఏ మందైనా పన్ను పీకించుకోవడానికో, కంటి ఆపరేషన్‌కో సొంతంగా ఆపొద్దు. నాన్న గ్రాఫ్ట్ మూసుకుపోవడానికి ముందు వారం మాత్రలు అయిపోయాయి. "సోమవారం తెచ్చుకుందాం లే" అనుకున్నారు.

డాప్లర్ స్కాన్ మొదటి ఏడాది మూడు నెలలకోసారి తీయిస్తున్నాం. గ్రాఫ్ట్‌లో ఎక్కడైనా రక్తవేగం సెకనుకి 300 సెంటీమీటర్లు దాటిందంటే అక్కడ దారి బాగా సన్నబడిందని అర్థం. మూసుకుపోకముందే బెలూన్‌తో సరిచేయవచ్చు. మూసుకున్నాక పడే పాట్లతో పోలిస్తే అది పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే పని.

చుట్ట గురించి ఒక మాట. మా వైపు పల్లెల్లో పెద్దవాళ్లు, అందులో ఆడవాళ్లే ఎక్కువ, నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. నోటి క్యాన్సర్ భయం అందరికీ తెలుసు, కాలి నాళాల సంగతి ఎవరూ చెప్పరు. మా నాయనమ్మకి నేనే చెప్పలేదు. నాన్న బీడీ మానేశారు. ఆసుపత్రిలో కాదు, ఇంటికొచ్చాక పన్నెండో రోజు, బాల్కనీలో సగం కాల్చి నలిపేసి.

మా ఇంట్లో తలుపు పక్కన ఒక ప్లాస్టిక్ ఫైలు వేలాడుతుంది. అందులో ఆపరేషన్ నోట్సు, గ్రాఫ్ట్ గొట్టమన్న కాగితం, చివరి క్రియాటినిన్, మందుల చీటీ, రెండు ఫోన్ నంబర్లు ఉన్నాయి. నాన్న పడుకునే ముందు మంచం మీద కూర్చుని, కాలు మడిచి, ఆ నీలం ఇంటూ గుర్తున్న చోటే రెండు వేళ్లు ఆనించి చూసుకుంటారు. స్నానానికి గుర్తు చెరిగితే నా చేత మళ్లీ పెన్నుతో వేయించుకుంటారు.